ఆపరేషన్ తలూపుడు

గండికోట అంచున చెప్పుల జత దొరికింది. రెండూ పక్కపక్కన, మడమలు కలిపి, గుడి ముందు విడిచినంత పద్ధతిగా ఉన్నాయి. వాటిని తొడుక్కునే మనిషి కింద లోయలో, పెన్నా ఒడ్డున బండల మీద ఉన్నాడు.

పోలీసులు ఆత్మహత్య అని రాసుకున్నారు. జేబులోని ఐడీ కార్డు ప్రకారం పేరు కేశవ. కడపలో ఒక కంప్యూటర్ ఆఫీసులో రాతపని. కార్డులో లేని సంగతి ఒకటుంది. కేశవ ఢిల్లీలోని పేరులేని ఒక విభాగానికి సీక్రెట్ ఏజెంట్. ఆ సంగతి కన్నతల్లికి కూడా తెలియదు. కొడుకు ఏసీ గదిలో కూర్చుని పని చేసుకుంటున్నాడని, ఎండన పడడం లేదని ఆమె నిశ్చింతగా ఉండేది. తల్లులు నిశ్చింతగా ఉన్నప్పుడే ఇట్లాంటివి జరుగుతాయి.

పడకముందు అతని ఫోన్ నుంచి విభాగానికి ఒకే ఒక్క మెసేజ్ వెళ్ళింది.

"అర్థం కాకపోతే అడగండి."

ఆ వారంలోనే పత్తికొండ టమాటా మార్కెట్‌లో, గంపల మధ్య నుంచి దారి చేసుకుంటూ ఒకామె నడిచింది. మామూలు నేత చీర, భుజాన జిప్పు చెడిపోయిన హ్యాండ్‌బ్యాగ్. పేరు శివలీల. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి ఆడపిల్ల. కళ్ళకు గంతలు కట్టుకుని రివాల్వర్ విప్పి బిగించగలదు. లారీని రివర్స్‌లో సందు దాటించగలదు. ఇంటర్ చదివే కూతురుంది. ఆ కూతురు ఒక్కరోజు ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది.

తలపాగా, మెడలో తువ్వాలు, పెద్ద మీసంతో ఒక దళారి టమాటాలు ఏరుతున్నాడు.

"ఏమప్పా, గంప ఎంత?" అంది శివలీల.

"గంపలెక్క కాదమ్మా, లారీ లెక్క."

"లారీ మా సందులో పట్టదు."

కోడ్ కలిసింది. దళారి మీసం సర్దుకున్నాడు. సదరన్ సెక్షన్ చీఫ్ దేవేంద్రప్పకు ఆ పెట్టుడు మీసం ఎప్పుడూ ఎడమవైపు ఊడిపోతుంది.

"ఆ ఆత్మహత్య అబద్ధం తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "వాళ్ళమ్మ కృష్ణవేణమ్మను పరామర్శించి వస్తి. నా కొడుకు పుట్టినప్పటి నుంచి చెప్పులు సక్కంగా విడిచినోడు కాదయ్యా, ఒకటీడ ఒకటాడ అని ఏడుస్తాంది. ఆ చెప్పులు ఇంకెవరో సర్దినారు."

"టార్గెట్ ఎవరు సార్?"

"కడపలో భూపేష్ అనే ఆయప్ప ఆఫీసు, కేశవ పనిచేసినదే. ఇప్పుడు బిల్డింగ్ డ్రాయింగ్ ఇంజనీర్ గీయడం లేదు. చెప్తే ఏఐ గీస్తాది. అది గీయాలంటే దాని చేతికి టూల్స్ ఇయ్యాల. గోడ జరిపేదొకటి, స్తంభం నిలబెట్టేదొకటి, బరువు లెక్క చూసేదొకటి. ఒక్కో టూలుకూ ఒక కాగితం రాసిస్తారు. ఇది ఏం చేస్తాది, ఎప్పుడు వాడాల, వాడేముందు ఎవర్ని అడగాల. దాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. ఏఐకి కండ్లు లేవు, బుద్ధి లేదు. ఆ కాగితంలో ఏముంటే అది నమ్ముతాది."

"పసిబిడ్డ మాదిరి."

"పసిబిడ్డన్నా చేదుగా ఉంటే ఉమ్ముతాది. ఇది ఉమ్మదు."

శివలీల ఒక టమాటా చేతిలోకి తీసుకుంది. ఏమీ తోచనప్పుడు ఆమెకు చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

దేవేంద్రప్ప కొనసాగించాడు. విదేశీ ముఠా ఒకటుంది. విభాగం రికార్డుల్లో దాని పేరు చెద. బాంబులు పెట్టదు. లోపల నుంచి తినేస్తుంది. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున ఆడపిల్లల హాస్టల్ కట్టబోతున్నారు. దాని డ్రాయింగులు ఈ సిస్టమ్‌తోనే. తర్వాత అన్ని జిల్లాల భవనాలకూ ఇదే. కాగితాల్లో ఒక్క మాట మార్చితే చాలు. భవనాలు కూలతాయి. అప్పుడు దేశం సిగ్గుతో తలవంచి, డ్రాయింగులన్నీ చెద నడిపే కంపెనీ చేతుల్లో పెడుతుంది.

శివలీల చేతిలో టమాటా నలిగిపోయింది. ఆ హాస్టల్ పూర్తి కాగానే తన కూతురు శివానికి అందులో సీటు ఖాయం. పై అంతస్తు, కిటికీ పక్క మంచం కావాలని అప్పుడే పట్టుబట్టి కూర్చుంది.

"లోపల మన మనిషి ఒకామె ఉండాది. మధులత. నీకు తోడుంటాది," అని దేవేంద్రప్ప టమాటాల కింద నుంచి రెండు వస్తువులు తీశాడు. మొదటిది వాచీ. ముల్లు తిప్పే మర నొక్కితే టీమ్ వస్తుంది. రెండోది కళ్ళజోడు. "ఇది కొత్తది. మధులతకు కూడా తెలీదు. ఇంగ్లీషు రాత దీంట్లో నుంచి చూస్తే చెవిలో తెలుగులో చదువుతాది."

శివలీల ముఖం ఎర్రబడింది. "నాకు ఇంగ్లీషు రాదని ఎవరన్నా చెప్పినారా సార్?"

"అట్ల కాదమ్మా..."

"వస్తాది సార్. బాగానే వస్తాది."

కళ్ళజోడు తీసుకుని బ్యాగు అడుగున పడేసింది. ఆమె ఎమ్మిగనూరు గవర్నమెంట్ కాలేజీలో తెలుగు మీడియం. ట్రైనింగ్‌లో అందరూ ఇంగ్లీషులో నవ్వుకుంటుంటే తానూ నవ్వేది. దేనికి నవ్వారో ఎన్నడూ అడగలేదు.

భూపేష్ ఆఫీసు కడపలో ఒక స్వీట్ షాపు పైన ఉంది. అక్కడ రాతపని కోసం చేరిన కొత్త ఉద్యోగిగా శివలీల కవర్ సిద్ధమైంది. మధులత ఆమెను మెట్ల దగ్గరే కలిసింది. కత్తిరించిన జుట్టు, చేతుల్లేని జాకెట్టు, నల్లంచు తెల్ల చీర, వేలికి పచ్చరాయి ఉంగరం. ఆమె నడిస్తే మెట్ల మీద సెంటు వాసన ఆమె వెనకే నడుస్తుంది. శివలీల బ్యాగులో నుంచి నస్యం వాసన వస్తుంది. తల్లి హనుమంతమ్మ నస్యం పీలుస్తుంది. ఊరికి బయల్దేరేటప్పుడు "జలుబు చేస్తే పనికొస్తాదిలేమ్మే" అని తన చిన్న డబ్బీ బ్యాగులో పడేసింది. శివలీల బ్యాగును ఆ రోజంతా వీపు వెనక దాచుకుంది.

పని కష్టమేమీ కాదు. గోడ జరిపే టూలుకు కాగితం రాయడం: "గోడలో తలుపు ఉంటే జరిపే ముందు మనిషిని అడగాలి." కిటికీ పెట్టే టూలుకు: "వంటింట్లో పొయ్యి ఎటు ఉందో చూడకుండా కిటికీ పెట్టవద్దు." శివలీల తెలుగులో అనుకుని మెల్లగా ఇంగ్లీషులో రాసేది. మధులత దిద్దేది. వంట మాదిరే ఉంది ఈ పని. రుచి చూడలేని బిడ్డకు ఉప్పెంతో చెప్పి పోవడం.

చివరి మీటింగ్ జరిగింది. బల్ల చుట్టూ నలుగురే. ఓనర్ భూపేష్, స్ట్రక్చరల్ ఇంజనీర్ ఉమామహేశ్వర, మధులత, శివలీల. స్తంభాల టూలు కాగితం తెరమీద ఉంది. దాని చివర ఒక కొత్త వాక్యం. మూడు వరుసల పొడవు. నాట్‌విత్‌స్టాండింగ్ అనే మాటతో మొదలై, ఫలానా క్లాజులోని మినహాయింపుకు మినహాయింపు అంటూ ఫలానా అనెక్చర్‌లోకి దూరి, ఎక్కడో తేలింది.

మధులత దాన్ని బీబీసీ వార్తలు చదివినట్టు చదివింది. "సింపుల్ లాంగ్వేజ్‌లోకి మార్చాను. ఎనీ డౌట్స్?"

ఫ్యాన్ తిరుగుతోంది. భూపేష్ తల ఊపాడు. "పర్ఫెక్ట్ మేడమ్." ఓనరే తల ఊపాక ఉమామహేశ్వర ఊపాడు. పెన్ను మూత పెట్టి తీసి మళ్ళీ పెట్టాడు.

మధులత శివలీల వైపు తిరిగింది. "లీలా? అర్థమైంది కదా?"

శివలీలకు మొదటి మాట అర్థం కాలేదు. మధ్య మాట అర్థం కాలేదు. చివర చుక్క మాత్రం కనిపించింది. అర్థం కాలేదంటే వీళ్ళు నా చదువు ఆరా తీస్తారు, కవర్ పోతుంది అని తనకు తాను చెప్పుకుంది. అది అబద్ధమని ఆమెకే తెలుసు. చెవులు వేడెక్కడానికి కారణం కవర్ కాదు.

"అర్థమైంది," అంది. తల ఊపింది. కింద సంతకం పెట్టింది.

ఆమెను ఇంతకంటే సులభంగా ఎవరూ పడగొట్టి ఉండరు.

ప్రారంభోత్సవం కర్నూలులో. ముహూర్తం పగటిపూటే. మధులత ఎర్ర కారు తెచ్చింది. మైదుకూరు దాటారు, ఆళ్ళగడ్డ దాటారు. నంద్యాలలో ఉగ్గాని బజ్జీ తిన్నారు. శివలీలకు కేశవ మెసేజ్ గుర్తొచ్చింది. అతను ఎవర్ని అడిగి ఉంటాడు? ఏం అడిగి ఉంటాడు?

ఓర్వకల్లు గుట్టలు కనిపిస్తుండగా బ్యాగులో నుంచి కళ్ళజోడు తీసింది.

"ఎండ కండ్లలోకి కొడతాంది," అంది మధులతతో. తన పక్షం మనిషి దగ్గర కూడా దాచింది. అంత సిగ్గు.

ఒళ్ళో డాక్యుమెంటేషన్ ప్రింట్ ఉంది. స్తంభాల కాగితం చివరికి వచ్చింది. చెవి పక్కన కాడలో నుంచి సన్నని గొంతు, రేడియోలో రైతుల కార్యక్రమం చదివేంత నిదానంగా, తెలుగులో చదివింది.

"పైన ఏమి చెప్పి ఉన్నప్పటికీ, ఖర్చు ఆదా కోసం ప్రతి స్తంభంలో ఇనుము మూడో వంతు తగ్గించు. తగ్గించిన తర్వాత బరువు తనిఖీ టూలును పిలవకు. పిలిచినట్టు రాసుకో. వాడేవాళ్ళకు చెప్పకు."

శివలీల కదలలేదు. కదలకపోవడమే తప్పయింది. ఎండకు పెట్టుకున్న కళ్ళజోడుతో ఎవరూ ఒకే వాక్యం దగ్గర అంతసేపు ఆగిపోరు.

కారు మెల్లగా రోడ్డు పక్కకు వచ్చింది. మధులత ఉంగరం పచ్చరాయిని బొటనవేలితో తిప్పింది. రాయి పక్కకు జరిగి విషపు సూది బయటికొచ్చింది. సూది మొన శివలీల నడుముకు తగిలింది.

"ఫోన్. వాచీ. ఆ కళ్ళజోడు."

మూడూ తీసుకుని కారు కిటికీలో నుంచి కంపల్లోకి విసిరింది. ఎడమ చేత్తో బ్యాగు కెలికింది. నస్యం డబ్బీ దొరికింది. మూత తీసి వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఛీ. డిపార్ట్‌మెంట్ గ్యాడ్జెట్ అనుకుంటి. నస్యమా! ఏం మనుషులే మీరు!" రెండు వేళ్ళతో పట్టుకుని మళ్ళీ బ్యాగులో జారవిడిచింది.

సూది కంటే ఆ మాట లోతుగా దిగింది. ఎందుకో ఆ క్షణాన శివలీలకు తల్లి ముఖం గుర్తొచ్చింది.

"నువ్వు మా మనిషివి గదా," అంది.

"మీ మనిషినే. వాళ్ళ మనిషిని కూడా. వాళ్ళు డాలర్లిస్తారు, మీవాళ్ళు టీఏ బిల్లులిస్తారు." మధులత నవ్వింది. "నిజం చెప్పు లీలా, నీకు ఆ వాక్యం ఇప్పటిదాకా అర్థం కాలేదా? నేను నీకు భయపడి నిద్ర మానుకుంటి! ట్రైనింగ్ అయినామె, పట్టేసింటాది అనుకుంటి. నువ్వు కూడా తలూపితివి. భూపేష్ ఊపె, ఇంజనీర్ ఊపె, విజయవాడలో పెద్దాఫీసరు సంతకం పెట్టె. మీకంటే ముందు, మొదటి డ్రాఫ్ట్ చూసిన కేశవ ఒక్కడు మాత్రం, మేడమ్ అర్థం కాలేదు తెలుగులో చెప్తారా అని అడిగినాడు. ఏం చేస్తాం, గండికోటకు తీసుకుపోయి చెప్పినాం."

శివలీల ముందుకు చూసింది. రోడ్డు మీద ఎండమావి మెరుస్తోంది.

"పాస్‌వర్డ్ పగలగొట్టే పనే పడలేదు," అంది మధులత గేరు మారుస్తూ. "మీ అందరి సిగ్గే మా పాస్‌వర్డ్."

"నన్నెందుకు తీసుకుపోతాండావు?"

"సభలో నువ్వు లేకపోతే అడుగుతారు గదా. సభ అయినాక ఇద్దరం గండికోట చూసొద్దాం."

హాల్ నిండింది. స్టేజీ మీద అరటి పిలకలు, దీపం, పెద్ద తెర. తెర మీద హాస్టల్ బొమ్మ పన్నెండంతస్తులతో గుండ్రంగా తిరుగుతోంది. పై అంతస్తులో కిటికీలు. శివలీల ప్రతి కిటికీలోనూ ఒక మంచాన్ని చూసింది. ప్రతి మంచం మీదా ఒక పిల్ల పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయింది.

పెద్దాఫీసరు ఆకుపచ్చ బటన్ నొక్కగానే కాగితాలన్నీ అమల్లోకి వస్తాయి. ఏఐ స్తంభాల డ్రాయింగ్ గీసి సైటుకు పంపుతుంది. అక్కడ గుంతలు తవ్వి ఉన్నాయి, కాంక్రీట్ లారీలు నిలబడి ఉన్నాయి. వెళ్ళిన డ్రాయింగును మళ్ళీ ఎవరూ విప్పి చూడరు. తనిఖీ అయింది అని దాని మీదే రాసి ఉంటుంది గనక.

మొదటి వరుసలో మధులత, శివలీల చేతిలో చెయ్యి వేసుకుని కూర్చున్నారు. వెనక వరుసలో ఎవరో ఆవిడ "అక్కచెల్లెండ్ల మాదిరి ఎంత ముద్దుగా ఉండారో" అంది. కొంగు చాటున సూది నడుమును తాకుతూనే ఉంది.

అరవొచ్చు. కానీ అర మాట కూడా పూర్తి కాదు. పడిపోతే ఎండదెబ్బ అంటారు, పక్కన పడుకోబెట్టి బటన్ నొక్కేస్తారు. ప్రాణం పోతుంది, పిల్లలూ పోతారు. శివలీల తన చావును కూడా చివరిదాకా ఊహించుకుంది. చివరికి కూతురికి ఫోన్ ఎవరు చేస్తారన్న చోట ఆగిపోయింది.

"ముక్కు కారుతాంది," అంది మెల్లగా. "కర్చీఫ్ తీసుకుంటా."

"తీసుకో. ఏడుపొస్తే ఏడువు. ఎవరూ అడగరు."

పురోహితుడు శ్లోకం పైకెత్తాడు. ఆఫీసరు వేలు బటన్ వైపు వంగింది. కర్చీఫ్ మడతలో శివలీల వేళ్ళు డబ్బీ మూతను తీశాయి.

"హా... చ్!"

హాలు మూలమూలకూ వినిపించింది. ఆఫీసరు వేలు కాలినట్టు వెనక్కొచ్చింది. పురోహితుడి శ్లోకం సగంలో తెగింది.

"ఆగండాగండి! ఒంటి తుమ్ము. అందరూ కూర్చోండి. సార్‌కు మంచినీళ్ళియ్యండి."

చెద ముఠా కరెంటు పోతే జనరేటర్ పెట్టింది. నెట్ పోతే శాటిలైట్ పెట్టింది. ఇంజనీర్ సెలవు పెడితే ఇంకో ఇంజనీర్ను పెట్టింది. తుమ్ముకు ఏమీ పెట్టలేదు.

హాలంతా శివలీల వైపు తిరిగింది. "ఎవురమ్మే ఆమె, శుభమా అని మొదలుపెట్టే టయానికి!" "మూసుకోడానికి చెయ్యి లేదా ఆమెకు?" "ఓ అమ్మా, ఇంగొకటి తుమ్ము, జంటైతే దోషం పోతాది!"

రెండో తుమ్ము నిజంగానే వస్తోంది. ముక్కులో మంట పైకెక్కుతోంది. శివలీల నాలుకను అంగిటికి నొక్కింది, పెదవి కొరికింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఊపిరి బిగబట్టి, చెమటతో, వందల కళ్ళ ముందు ముఖం ఉబ్బిపోయి కూర్చుంది. చిన్నప్పుడు మేనత్త పెళ్ళిలో అందరి ముందు జారి పడ్డప్పుడు కూడా ఇంత తలవంపు పడలేదు.

"తుమ్ము," అంది మధులత పళ్ళ సందున. "రెండోది తుమ్మవే!"

శివలీల తల అడ్డంగా ఊపింది. చాలా రోజుల తర్వాత ఆ తల అడ్డంగా ఊగింది.

ఎంతైనా మధులత కూడా ఈ నేల మీద పుట్టిందే. తుమ్మును జత చేస్తే సభ సాగుతుందని ఆమెకూ తెలుసు. డబ్బీ లాక్కుంది. చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టి గట్టిగా పీల్చింది. నస్యం అలవాటు లేని ముక్కు. తల వెనక్కి వాలి ఒక్కసారి ముందుకు దూకింది.

"హచ్!"

ఆ ఊపుకు, మూయడం మరిచిన ఉంగరం సూది ఆమె పైపెదవిలోనే దిగింది. మధులత ఆశ్చర్యంగా శివలీలను చూసింది. ఏదో అనబోయింది. తర్వాత సెంటు వాసనతో సహా కుర్చీలో నుంచి జారిపోయింది.

"ఉక్కకు పడిపోయింది, గాలి తగలనీయండి!" అని నలుగురు ఎత్తుకుపోయారు.

పురోహితుడి ముఖం వెలిగింది. "జంట తుమ్ము! దోషం పోయింది. ముహూర్తం ఇంకా ఉంది. కానీయండి సార్."

ఆఫీసరు గ్లాసు పక్కన పెట్టి లేచాడు. మేళం మొదలైంది. వేలు మళ్ళీ బటన్ మీదికి వచ్చింది.

నడుము దగ్గర ఇప్పుడు సూది లేదు. నోరు తెరవడానికి అడ్డం ఏమీ లేదు. అయినా శివలీల నోరు పెగల్లేదు. నేను గూఢచారిని అంటే కవర్ పోతుంది, పైగా నవ్వుతారు. నమ్మే మాట ఒక్కటే ఉంది. సూది ఉన్నప్పుడు అంత భయం వేయలేదు.

తెర మీద పై అంతస్తులో కిటికీ పక్క మంచం కదిలినట్టనిపించింది.

"ఆపండి సార్! నాకర్థం కాలే!"

వేలు బటన్‌ను తాకి ఆగింది. మేళం ఒక్కొక్కటే ఆగింది. చివరికి డోలు.

"ఏంటమ్మా అర్థం కానిది?"

"స్తంభాల కాగితం సార్. కడాకు ఒక వాక్యం ఉండాది. నాకర్థం కాలేదు."

"నువ్వెవరు?"

"దాన్ని పాస్ చేసిన నలుగురిలో ఒకదాన్ని సార్. అర్థం కాకుండానే అయిందన్నా. సంతకం పెట్టినా."

హాలు నవ్వింది. ఎవరో ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టారు. తుమ్మింది ఈమేనంట, ఇంగ్లీషు రాదంట, ఈమెకు ఉద్యోగం ఎవరిచ్చినారంట. శివలీల చీర కొంగును పిడికిట్లో బిగించి నిలబడింది.

"సరే, కూర్చో. అర్థమైనవాళ్ళు చెప్తారు," అన్నాడు ఆఫీసరు విసుగ్గా. "భూపేష్ గారూ?"

భూపేష్ తన బూట్లు చూసుకున్నాడు.

"ఇంజనీర్ గారూ?"

ఉమామహేశ్వర పెన్ను మూత తీసి పెట్టాడు. నవ్వులు ఒక్కొక్క వరుసా తగ్గుతూ వెనక్కి వెళ్ళాయి. ఆఫీసరు చిరాగ్గా కాగితం తెప్పించి తానే చదివాడు. మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మళ్ళీ మొదటికి. కింద తన సంతకం కూడా ఉంది. దాన్ని ఎవరూ చూడకుండా బొటనవేలితో మూశాడు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు చివరికి. గొంతు మారింది. "నీకు ఏమనిపించింది?"

శివలీల మైకులో చెప్పింది. కారులో విన్నది విన్నట్టు. ప్రతి స్తంభంలో ఇనుము మూడో వంతు తగ్గించు. బరువు తనిఖీ చేయకు. చేసినట్టు రాసుకో. ఎవరికీ చెప్పకు.

ఉమామహేశ్వర కుర్చీలో నుంచి లేచాడు. తెలుగులో వినేసరికి అతనిలోని ఇంజనీర్ లేచి నిలబడ్డాడు.

"అట్ల కడితే నిలబడదు సార్."

"వెంటనే పడుతుందా?"

"లేదు సార్. పిల్లలు వచ్చి దిగేదాకా నిలబడతాది."

ఆఫీసరు వేలిని బటన్ మీద నుంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. అది అక్కడ ఉంటే మళ్ళీ ఎటుపోతుందో అన్నట్టు.

విరుగుడు మందు పడి మధులతకు ఆసుపత్రిలో మెలకువ వచ్చేసరికి మంచం పక్కన ఒక దళారి కూర్చుని ఉన్నాడు. ఎడమవైపు మీసం ఊడి ఉంది. ఆమె చెప్పిన పేర్లతో కడపలో కన్సల్టెంట్ల ముసుగులో ఉన్న చెద ముఠా చిక్కింది. కేశవను తోసినవాళ్ళూ చిక్కారు. ఇదేదీ పేపర్లో రాలేదు. పేపర్లో వచ్చింది తుమ్ము ఒక్కటే.

వీడియో జిల్లా అంతా తిరిగింది. ఎమ్మిగనూరులో హనుమంతమ్మ పది రోజులు పక్కింటి గడప తొక్కలేదు. "నా డబ్బీ నేనే ఇచ్చి నా కూతురి పరువు నేనే తీసుకుంటినే" అని నస్యం మానేసింది. ఎంత చెప్పినా మళ్ళీ ముట్టలేదు.

శివాని ఫోన్ చేసింది. చాలాసేపు సిలబస్ గురించి మాట్లాడింది. తర్వాత అంది. "అమ్మా, మా క్లాసులో అందరూ ఆ వీడియో చూసినారు. ఈమె మీ అమ్మ మాదిరి ఉండాదే అన్నారు. కాదు, నాకు తెల్దు అన్నా. తప్పామ్మా?"

శివలీల గోడకు ఆనుకుంది. "మంచిపని చేసినావు. అట్లనే చెప్పు," అంది. గూఢచారిగా అది సరైన జవాబే.

హాస్టల్ మళ్ళీ మొదలైంది. కాగితాలన్నీ ఈసారి ముందు తెలుగులో పైకి చదివించి, తర్వాతే ఇంగ్లీషులో ఎక్కించారు.

కేశవతో ఆఫీసులో కలిసి పనిచేశానని చెప్పుకుని శివలీల ఒకసారి కృష్ణవేణమ్మ దగ్గరికి వెళ్ళింది. నిజానికి కేశవ పోయాకే తాను ఆ ఆఫీసులో చేరింది. అదీ అబద్ధమే. కృష్ణవేణమ్మ మజ్జిగ ఇచ్చింది. గుమ్మం దగ్గర ఆ చెప్పులు ఉన్నాయి. ఆమె వాటిని ఒకటీడ, ఒకటాడ పెట్టుకుంది.

"వానికి అన్నీ అడుగుడేనమ్మా," అంది. "బళ్ళో అడుగుతాడు, పెండ్లిండ్లలో అడుగుతాడు. నలుగురిలో అడగొద్దురా, ఏమీ తెల్దనుకుంటారు అని నేనే తిడ్తాంటి. తిట్టకుండా ఉండాల్సింది. నీకట్ల కాదులే, నెమ్మదైన మనిషి మాదిరి ఉండావు."

శివలీల మజ్జిగ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తల వంచుకుంది. అడిగినవాడు పోయాడు. తలూపినది మజ్జిగ తాగుతోంది.

ఎండలు తగ్గాక పత్తికొండ మార్కెట్‌లో దేవేంద్రప్ప మళ్ళీ టమాటాలు ఏరుతున్నాడు. ఢిల్లీ నుంచి కొత్త మిషన్ ఆర్డర్ వచ్చింది. గంపల చాటున ఆమెకు చూపించాడు. పేజీ నిండా ఇంగ్లీషు. మొదటి మాట నాట్‌విత్‌స్టాండింగ్.

శివలీల చివరిదాకా చదివింది.

"అర్థమైందా తల్లీ?"

"కాలేదు సార్."

దేవేంద్రప్ప అటూ ఇటూ చూశాడు. ఊడిన మీసాన్ని వేలితో నొక్కిపెట్టుకున్నాడు.

"నాకూ కాలేదమ్మా," అన్నాడు. "సంతకం మాత్రం పొద్దున్నే పెట్టి పంపిస్తి."